మస్కట్ ముద్ర: ఒమాన్ తపాలా బిళ్లలకు విలువ ఎక్కడిది?

తపాలా బిళ్లకు వెల కట్టేటప్పుడు సేకర్తలు సాధారణంగా దాని మీది బొమ్మను, రంగును, అంచుల పళ్లను, మొత్తం ఎన్ని అచ్చయ్యాయన్న లెక్కను చూస్తారు. ఒమాన్ విషయంలో ఈ పద్ధతి ఎక్కువ దూరం సాగదు, ఎందుకంటే 1864లో మస్కట్‌లో తొలి తపాలా కార్యాలయం తెరిచిన నాటి నుంచి 1966 వరకు, అంటే 102 ఏళ్లపాటు, అక్కడి ఉత్తరాల మీద అంటించినవి దాదాపుగా పరాయి బిళ్లలే: మొదట బ్రిటిష్ ఇండియావి, ఆ తర్వాత కొన్ని నెలలు పాకిస్తాన్‌వి, ఆ పైన 18 ఏళ్లు ఇంగ్లండ్‌వి. బిళ్లను చూసి అది ఒమాన్‌లో వాడినదని చెప్పడానికి వీల్లేని ఆ కాలంలో ఆ సంగతి చెప్పగలిగింది గుమాస్తా కొట్టిన తపాలా ముద్ర ఒక్కటే. అందువల్ల ఈ దేశపు తపాలా సంపదకు విలువ అచ్చులో కన్నా వాడకంలో ఎక్కువగా ఉంది. బిళ్ల విడుదలైన రోజునే ముద్ర వేయించే తొలిరోజు కవర్ల విషయంలో కూడా ఈ తేడా గుర్తు పెట్టుకోకపోతే సేకర్త చేతికి మిగిలేది రంగు కాగితమే.

గల్ఫ్‌లో తపాలా కార్యాలయాలు వెలిసింది అక్కడి ప్రజల కోసం కాదు, ఆవిరి ఓడల కోసం. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ 1862లో ప్రభుత్వంతో ఒప్పందం చేసుకొని బొంబాయి నుంచి కరాచీ, గ్వాదర్, మస్కట్, బూషైర్ల మీదుగా బస్రా దాకా టపా ఓడలు నడపసాగింది. ఓడ ఆగిన రేవులో ఉత్తరాల సంచీ దించుకోవడానికి, ఎక్కించడానికి ఒక గుమాస్తా, ఒక ముద్ర, కొన్ని బిళ్లలు అవసరమయ్యాయి. అలా 1864 మే 1న మస్కట్‌లో భారత తపాలా శాఖ కార్యాలయం మొదలై బొంబాయి సర్కిల్ కింద ఉండేది. 1869లో సింధు సర్కిల్‌కు మారి, 1879లో తిరిగి బొంబాయి కిందికే వచ్చింది. అదే 1864లో గల్ఫ్ అడుగున టెలిగ్రాఫ్ తీగ పరిచారన్నది కూడా గమనించదగినది, ఎందుకంటే ఈ రెండు ఏర్పాట్ల వెనుకా ఉన్నది ఒక్కటే అవసరం, లండన్‌కూ కలకత్తాకూ మధ్య వార్త త్వరగా చేరడం. మస్కట్‌లోనూ, పక్కనే ఉన్న మత్రా రేవులోనూ ఈ తపాలాను రోజూ వాడుకున్నది ఎక్కువగా కచ్ నుంచి వచ్చిన భాటియా వర్తకులు, మత్రాలోని లవాతియా వర్తక కుటుంబాలు, విదేశీ కంపెనీల ప్రతినిధులు. 1870 నాటి ఖిమ్జీ రాందాస్ వంటి కచ్ సంస్థలు బొంబాయితో జరిపిన ఖర్జూరం, బట్టలు, బియ్యం బేరాలకు టపా ఓడ రాకపోకలే ఆధారం.

ఇదే కాలంలో నిజాం హైదరాబాద్ 1869లో సొంత బిళ్లలు అచ్చు వేసుకుందని, అవి సంస్థానం సరిహద్దుల లోపల చెల్లుతూ 1950 దాకా బ్రిటిష్ ఇండియా తపాలాతో పక్కపక్కనే నడిచాయని తెలుగు పాఠకులకు గుర్తు చేయనక్కర్లేదు. సముద్రాల మీద ఓడలు నడిపి, ఒకప్పుడు తూర్పు ఆఫ్రికా తీరాన్ని ఏలిన మస్కట్ సుల్తానులకు ఆ పాటి అవకాశం కూడా చిక్కలేదు. ఇంకా విడ్డూరం ఏమిటంటే, అదే ఆల్ బూసయీద్ వంశానికి చెందిన జాంజిబార్ శాఖ సుల్తాను బొమ్మతో 1896లోనే బిళ్లలు వెలువడ్డాయి. పెద్దింటి వారికి మాత్రం మరో 70 ఏళ్లు పట్టింది.

విక్టోరియా రాణి తల ఉన్న అర అణా నీలం బిళ్ల భారతదేశంలో కోట్ల సంఖ్యలో చెల్లిపోయిన సరుకు, పాత ఆల్బముల్లో దాన్ని ఎవరూ రెండోసారి చూడరు. అదే బిళ్ల మీద మస్కట్ పేరు చదవగలిగేలా ముద్ర పడి ఉంటే అది వేరే వస్తువు. ఇలాంటి వాటిని సేకర్తలు 'విదేశాల్లో వాడిన భారత బిళ్లలు' అనే ప్రత్యేక శాఖ కింద లెక్కిస్తారు. ఇందులో మూడు అంతస్తులు ఉన్నాయి. కవరు నుంచి ఊడదీసిన విడి బిళ్ల మీద ముద్రలో నాలుగోవంతే కనిపిస్తుంది, ఊరి పేరులో రెండక్షరాలు దొరికితే అదృష్టం. కవరు ముక్కతో సహా కత్తిరించినదైతే ముద్ర పూర్తిగా చదవవచ్చు. మొత్తం కవరే మిగిలి ఉంటే, ముద్ర సగం బిళ్ల మీద, సగం కాగితం మీద పడి రెండింటినీ కలిపి పట్టుకుంటుంది, వెనుక వైపు బొంబాయి చేరిన తేదీ ముద్ర ఉంటుంది, చిరునామాలో వర్తకుడి పేరు, వీధి ఉంటాయి. ఆ ఉత్తరం ఏ ఓడలో వెళ్లి ఉంటుందో కూడా తేదీలను బట్టి తేల్చవచ్చు. ఒకే బిళ్ల ఈ మూడు రూపాల్లో మూడు ధరలు పలకడానికి కారణం ఇదే. దొంగ పనికి ఆకర్షణ కూడా ఇక్కడే ఉంది: బిళ్ల చవక, ముద్ర ఖరీదు అయిన చోట బిళ్లకు నకిలీ చేయనక్కర్లేదు, నిజమైన పాత బిళ్ల మీద దొంగ ముద్ర కొడితే చాలు. అందుకే అనుభవజ్ఞులైన సేకర్తలు ముద్ర కాగితం మీదికి సాగిందా లేదా, వెనుక తేదీ ముందు తేదీతో పొసగుతుందా లేదా అని చూడకుండా డబ్బు తీయరు.

ఒమాన్ తపాలా చరిత్రలో ఒక భాగం నేటి పాకిస్తాన్ తీరంలో ఉంది. 18వ శతాబ్దం చివర కలాత్ ఖాన్ నుంచి మస్కట్ పాలకుల చేతికి వచ్చిన గ్వాదర్ రేవులో 1868లో భారత తపాలా కార్యాలయం తెరిచారు, సుల్తాను ఆ రేవును 1958 సెప్టెంబరులో పాకిస్తాన్‌కు అప్పగించే దాకా అది ఒమాన్ భూమిగానే ఉంది. కాబట్టి గ్వాదర్ ముద్ర ఉన్న పాత కవరు భారతదేశానిదా, పాకిస్తాన్‌దా, ఒమాన్‌దా అన్న ప్రశ్నకు మూడు ఆల్బముల్లోనూ చోటుంది, మూడు వైపుల నుంచీ కొనేవారున్నారు.

పరాయి బిళ్లల కాలంలో ఒకే ఒక్కసారి మస్కట్‌కు తన గుర్తు దక్కింది. ఆల్ బూసయీద్ వంశ పాలనకు 200 ఏళ్లు నిండిన సందర్భంగా 1944 నవంబరు 20న ఆరవ జార్జి రాజు బొమ్మ ఉన్న భారత బిళ్లల మీద ఆ వంశం పేరును, హిజ్రీ సంవత్సరం 1363ను అరబీ లిపిలో పై అచ్చు వేసి విడుదల చేశారు. అప్పటికే అచ్చయి ఉన్న బిళ్ల మీద మరోసారి అక్షరాలు వేయడాన్ని సేకర్తలు ఓవర్‌ప్రింట్ అంటారు. 3 పైల బిళ్ల నుంచి 2 రూపాయల దాకా 15 రకాలు, వాటితో పాటు ప్రభుత్వ ఉత్తరాలకు వేరుగా సర్వీస్ బిళ్లలు వచ్చాయి. యుద్ధకాలంలో, కొత్త అచ్చుపలకలు చేయించే తీరిక లేనప్పుడు, తెలివిగా తేల్చిన పని అది. రాజు ముఖం అలాగే ఉంది, సుల్తాను వంశం పేరు దాని పైకి ఎక్కింది. చూడడానికి రాజీలా కనిపించినా, ఆనాటి అధికారం ఎవరి చేతిలో ఎంత ఉందో ఇంత స్పష్టంగా చూపే కాగితం మరొకటి దొరకదు. ఈ శ్రేణిని కేటలాగులు వెల కట్టే తీరు కూడా ఆసక్తికరమైనది. చాలా దేశాల బిళ్లల్లో వాడని కొత్త బిళ్లకు ఎక్కువ ధర, వాడినదానికి తక్కువ; ఇక్కడ తలకిందులు. వాడని బిళ్లలను నాటి వ్యాపారులు కట్టలు కట్టలుగా కొని దాచారు కనుక అవి ఇప్పటికీ సులువుగా దొరుకుతాయి, మస్కట్‌లో నిజంగా ఉత్తరం మోసి ముద్ర వేయించుకున్న బిళ్లకు మాత్రం చిన్న విలువల్లో కూడా పలు రెట్లు ఎక్కువ ధర ఉంటుంది. విడుదల తేదీకి మరో విశేషం ఈ మధ్యనే తోడయింది: సుల్తాన్ హైతమ్ 2025 జనవరిలో జాతీయ దినోత్సవాన్ని నవంబరు 18 నుంచి 20కి మార్చి, వంశ స్థాపకుడు అహ్మద్ బిన్ సయీద్ 1744లో పాలన చేపట్టిన రోజు అదేనని ప్రకటించారు. దానితో 1944 నవంబరు 20 తేదీ ముద్ర ఉన్న కవర్ల మీద ఒమానీ సేకర్తల దృష్టి కొత్తగా పడడానికి కారణం ఏర్పడింది.

దేశ విభజన తర్వాత మస్కట్ కార్యాలయం ఎవరిదన్న ప్రశ్న ఎదురయింది. 1947 డిసెంబరు నుంచి 1948 మార్చి 31 వరకు దాన్ని పాకిస్తాన్ నడిపింది, ఉత్తరాల మీద పాకిస్తాన్ అని పై అచ్చు వేసిన భారత బిళ్లలు అంటించారు. నాలుగు నెలలు కూడా నిండని ఈ మధ్యకాలపు కవర్లు సహజంగానే అరుదు. 1948 ఏప్రిల్ 1న బ్రిటిష్ తపాలా శాఖ పగ్గాలు తీసుకొని, ఇంగ్లండ్ బిళ్లల మీద అణాల్లో, రూపాయల్లో కొత్త ధర అచ్చు వేసి అమ్మింది. 1957లో భారతదేశం దశాంశ నాణేలకు మారగానే ఆ పై అచ్చు కూడా నయా పైసల్లోకి మారింది. స్వతంత్ర భారతదేశపు రూపాయిని లండన్ రాణి బొమ్మ మీద అచ్చు వేసుకొని అరబ్బు రేవులో ఉత్తరాలు నడిపారంటే, గల్ఫ్ తీరం బజారులో రూపాయి ఎంత వేళ్లూనిందో తెలుస్తుంది. కువైట్, బహ్రెయిన్ బిళ్లల మీద ఆ దేశాల పేర్లు కూడా వేశారు, మస్కట్ బిళ్లల మీద ధర తప్ప ఊరి పేరు లేదు. వాటినే దుబాయిలోనూ, కొంతకాలం దోహాలోనూ, అబూధాబీలోనూ అమ్మారు. అంటే మళ్లీ పాత కథే: బిళ్ల ఏ ఊరిదో ముద్ర చెప్పాలి.

తొలిరోజు కవరు, అంటే కొత్త బిళ్ల విడుదలైన రోజునే దాన్ని అంటించి ఆ రోజు తేదీ ముద్ర వేయించిన కవరు, మస్కట్‌లో అలవాటుగా మారింది ఈ బ్రిటిష్ కాలంలోనే. 1948లో ఆరవ జార్జి రాజదంపతుల వివాహ రజతోత్సవ బిళ్లలు, అదే ఏడాది లండన్ ఒలింపిక్స్ బిళ్లలు, 1949లో విశ్వ తపాలా సమాఖ్య 75వ వార్షికోత్సవ బిళ్లలు, 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకపు బిళ్లలు, 1957లో స్కౌట్ల జంబోరీ బిళ్లలు వరుసగా మస్కట్ కిటికీలో అమ్మకానికి వచ్చాయి. రజతోత్సవ శ్రేణిలో పెద్ద బిళ్ల ఒక పౌను బిళ్ల మీద 15 రూపాయలని పై అచ్చు వేసినది. ఆ రోజుల్లో మస్కట్ నుంచి ఉత్తరానికి అంత ఖర్చు పెట్టవలసిన అవసరం ఎవరికీ ఉండదు, కనుక ఆ బిళ్ల ఉన్న తొలిరోజు కవర్లు దాదాపు అన్నీ ఇంగ్లండ్‌లోని సేకర్తలకో, వ్యాపారులకో ముందుగా డబ్బు కట్టి తెప్పించుకున్నవే అనుకోవాలి. ఆ కవర్లను తక్కువ చేయనక్కర్లేదు. తేదీ, ఊరు, బిళ్ల మూడూ ఒకచోట తిరుగులేకుండా నిలిచిన సాక్ష్యం అవి. అయితే అదే వారంలో మత్రా వర్తకుడు కరాచీకి రాసిన, రెండున్నర అణాల బిళ్ల వంకరగా అంటించిన మామూలు కవరు దొరికితే, అది ఆ ఏడాది ఉత్తరాల రేటును, దారిని, రాసినవారిని కూడా చెబుతుంది. అందమైన కవరుకు ఎక్కువ మంది బేరగాళ్లుంటారు. తెలిసినవారు మాత్రం రెండోదాని కోసం వెతుకుతారు.

1966 ఏప్రిల్ 29తో బ్రిటిష్ తపాలా ఏజెన్సీ ముగిసి, మరునాడు మస్కట్-ఒమాన్ పేరుతో సొంత తపాలా మొదలైంది. సుల్తాను రాజచిహ్నం, మస్కట్ రేవు, నఖల్, నిజ్వా, మీరానీ వంటి కోటల బొమ్మలతో 12 రకాల బిళ్లలు వచ్చాయి. వాటి ధరలు బైజాల్లో ఉండేవి, రూపాయికి 64 బైజాలు. భారతదేశం వదిలేసిన పదహారణాల లెక్క, అంటే అణాకు నాలుగు పైసల చొప్పున 64, తొమ్మిదేళ్ల తర్వాత ఒమాన్ బిళ్లల మీద ఇలా తేలింది. ఈ రెండు రోజుల కవర్లు జంటగా దొరికితే సేకర్తలకు పండుగే: ఒకటి బ్రిటిష్ ఏజెన్సీ చివరిరోజు ముద్రతో, మరొకటి కొత్త తపాలా తొలిరోజు ముద్రతో. అధికారం చేతులు మారిన రాత్రిని ఇరువైపుల నుంచి పట్టుకున్న కాగితాలు కనుక విడివిడిగా కన్నా జతగా వాటికి ఎక్కువ గౌరవం ఉండడం న్యాయమే. 1967 జూలైలో తొలి చమురు ఓడ కదిలిన ఘట్టాన్ని 1969లో బిళ్లలు గుర్తు చేశాయి. 1970లో రియాల్ సయీదీ, వెయ్యి బైజాల లెక్కతో, వచ్చాక ధరలు మారిన బిళ్లలు అచ్చయ్యాయి. అదే ఏడాది జూలై 23న సుల్తాన్ ఖాబూస్ తండ్రిని తొలగించి గద్దె ఎక్కి, దేశం పేరును ఒమాన్ సుల్తానేట్‌గా మార్చడంతో ఉన్న బిళ్లల మీదే 1971 జనవరిలో కొత్త పేరు పై అచ్చు వేయవలసి వచ్చింది. కరెన్సీ మారినా, దేశం పేరు మారినా మొదట కదిలింది పై అచ్చు యంత్రమే.

సేకర్తల జేబుకు చిల్లు పెట్టిన అధ్యాయం కూడా ఇదే కాలానిది. 1950ల చివర లోతట్టు ఒమాన్‌లో ఓడిపోయి ప్రవాసం వెళ్లిన ఇమామ్ పక్షం పేరుతో 1960ల చివరి నుంచి 'స్టేట్ ఆఫ్ ఒమాన్' అనే బిళ్లలు, కొన్నేళ్లకు దక్షిణాన తిరుగుబాటు నడుస్తున్న ధోఫార్ పేరుతో మరికొన్ని, విదేశీ సంతలో గుట్టలుగా వచ్చి పడ్డాయి. పక్షులు, రైలు ఇంజన్లు, చిత్రకారుల బొమ్మలు, రాజవంశాల ముఖాలు ఒకటేమిటి, పిల్లల కంటికి నచ్చేవన్నీ వాటి మీద కనిపిస్తాయి. వాటిని అమ్మిన తపాలా కార్యాలయం ఒమాన్ గడ్డ మీద ఎక్కడా లేదు, ప్రధాన కేటలాగులు వాటిని తపాలా బిళ్లలుగా అంగీకరించవు. గుర్తు పట్టడం కష్టమేమీ కాదు. బిళ్ల మూలలో చక్కగా పావు వంతు వృత్తంలా ముద్ర ఉంటుంది, వెనక్కి తిప్పితే జిగురు చెక్కుచెదరకుండా మెరుస్తూ ఉంటుంది. అంటే ముద్ర కూడా బిళ్లతో పాటు అచ్చు యంత్రంలోనే పడిందని, అది ఏ కవరునూ ముట్టలేదని అర్థం. 1970లు, 80ల్లో మన ఊళ్ల పుస్తకాల దుకాణాల్లో అమ్మిన రంగురంగుల స్టాంపు ప్యాకెట్లలోకి ఇలాంటి సరుకు సులువుగా చేరింది. పాత ఆల్బం తెరిచి ఒమాన్ పేజీ చూసి మురిసిపోయేవారు మొదట వెనుక జిగురు చూడడం మంచిది.

1971 ఆగస్టులో విశ్వ తపాలా సమాఖ్యలో సభ్యత్వం రావడంతో నిజమైన ఒమాన్ బిళ్లలకు అంతర్జాతీయ గుర్తింపు ఏర్పడింది. 1972లో వచ్చిన శ్రేణిలో 1809 నాటి మత్రా, షినాస్, మస్కట్ దృశ్యాలను, బ్రిటిష్ నౌకాదళంతో వచ్చిన సైనికాధికారి టెంపుల్ వేసిన చిత్రాల ఆధారంగా అచ్చు వేశారు. పొరుగు ఎమిరేట్లు కొన్ని బిళ్లల వ్యాపారులకు పేరు అద్దెకు ఇచ్చి వందల రకాలు కుమ్మరిస్తే, ఒమాన్ ఏటా కొద్ది విడుదలలతో సరిపెట్టుకుంది. ఈ నిగ్రహమే నేడు ఆ బిళ్లలకు మంచి పేరు తెచ్చింది. అయినా నిజమైన అరుదుదనం పథకం ప్రకారం రాదు. 1978లో చిన్న ధరల బిళ్లలు చాలక, చేతిలో ఉన్న పెద్ద ధరల స్మారక బిళ్లల మీద 40, 50, 75 బైజాలని పై అచ్చు వేశారు. ఎవరూ పోగు చేయాలని అనుకోని ఆ మూడు బిళ్లలు ఈ రోజు ఆధునిక ఒమాన్ పేజీలో అందరికీ మిగిలే ఖాళీలు. దీనికి భిన్నంగా, బొమ్మ కవరుతో, ప్రత్యేక ముద్రతో, కరపత్రంతో తపాలా శాఖే అమ్మే తొలిరోజు కవర్లు కొన్నవారందరూ భద్రంగా దాచుకునేవే కనుక 30 ఏళ్ల తర్వాత కూడా కొన్న ధరకు మించి పెద్దగా పెరగవు. కేటలాగులో అచ్చయిన అంకె దుకాణదారు అమ్మే ధర, సేకర్త అమ్మితే చేతికొచ్చేది కాదన్న సంగతి కూడా తొలిరోజు కవర్లను పెట్టుబడిగా కొనేవారికి ఆలస్యంగా తెలుస్తుంది.

ఇదంతా తెలుగు పాఠకులకు దూరపు కథ కాదు. 1970ల చమురు డబ్బుతో రోడ్లు, ఆసుపత్రులు, భవనాలు మొదలయ్యాక కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వేల మంది గల్ఫ్ బాట పట్టారు, వారిలో ఒమాన్ చేరినవారూ ఉన్నారు. ఆ రోజుల్లో ఒమాన్‌లో ఇంటింటికీ ఉత్తరాలు పంచే పద్ధతి లేదు, కంపెనీ పేరున ఉన్న పోస్టు బాక్సుకే అన్నీ చేరేవి. అందుకే ఆ కవర్ల వెనుక పంపినవారి చిరునామాగా రూవీ, మత్రా, సీబ్ వంటి పేర్లతో పాటు బాక్సు నంబరు, కంపెనీ పేరు కనిపిస్తాయి. ముందు వైపు ఖంజర్ కత్తి, కోట, లేదా సుల్తాన్ ఖాబూస్ బొమ్మ, దాని మీద ముద్ర. కింద తెలుగులోనో, తెలిసినవారి చేత రాయించిన ఇంగ్లీషులోనో ఊరు, మండలం, జిల్లా. రిజిస్టరు చీటీ అంటించినవి, లోపల ఫోటోనో, డ్రాఫ్టునో పంపినవి అయితే తీసుకున్న పోస్టాఫీసు ముద్ర కూడా వెనుక ఉంటుంది. ఇళ్లలో పిల్లలు ఆ బిళ్లను కత్తిరించి గిన్నెలో నీళ్లు పోసి నానబెట్టి, జిగురు వదిలాక పాత వార్తాపత్రిక మీద ఆరబెట్టి ఆల్బంలో పెట్టుకునేవారు, కవరు పొయ్యిలోకి పోయేది. బిళ్ల వరకు చూస్తే అది చవక సరుకు, లక్షల్లో అచ్చయినది. కవరుతో ఉండి ఉంటే అది రూవీ బాక్సు నుంచి జగిత్యాలకో, రాయచోటికో ఏ రేటుకు, ఎన్ని రోజుల్లో ఉత్తరం వెళ్లిందో చూపే పత్రం. ఇలాంటి వలసకూలీల కవర్లకు కేటలాగుల్లో విడిగా ధర లేదు, వేలంపాటల్లో వాటికి ప్రత్యేక వరుస ఏర్పడలేదు. ట్రంకు పెట్టెల్లో, బీరువా అరల్లో మిగిలినవి బిళ్ల ఊడదీయకుండా, లోపలి ఉత్తరంతో సహా ఉంచితే సేకర్తకూ, వలస చరిత్ర రాసేవారికీ పనికొస్తాయి. ప్లాస్టిక్ సంచుల్లో చెమ్మ పట్టి బిళ్ల రంగు కవరుకు అంటుతుంది కనుక ఆమ్లం లేని కాగితపు తొడుగులో, పొడి చోట నిలువుగా పెట్టడం మేలని తపాలా సేకర్తలు చెబుతారు.